గాదె, అటక, కారు షెడ్డు

విజయవాడలో పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో ఒక సంగతి తరచూ కంటపడుతుంది. ఇంటికి కారు షెడ్డు ఉంటుంది, కారు మాత్రం వీధిలో ఉంటుంది. షెడ్డు నిండా పాడైన కూలరు, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, పిల్లలు ఎదిగాక మూలపడ్డ సైకిళ్ళు, ఇల్లు కట్టగా మిగిలిన టైల్సు, సగం వాడిన రంగు డబ్బాలు, ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టినప్పుడు పారెయ్యలేక తెచ్చుకున్న రుబ్బురోలు, తిరగలి. అపార్టుమెంట్లలో అయితే అదే సామాను స్తంభాల మధ్య, మెట్ల కింద, లిఫ్టు పక్కన సర్దుకుంటుంది. ఎంత చోటున్నా చాలడం లేదన్న మాట ప్రతి ఇంట్లోనూ వినపడేదే.

ఇదే కృష్ణా డెల్టాలో నూరేళ్ళ కిందటి ఇల్లు ఏడాది తిండిగింజలనూ, వచ్చే ఏటి విత్తనాన్నీ, పప్పుదినుసులనూ, ఊరగాయలనూ, సేద్యం పనిముట్లనూ, పెళ్ళిళ్ళకు వాడే గంగాళాలనూ, పదిమంది మనుషులనూ ఒకే కప్పు కింద ఇముడ్చుకుంది. ఆ ఇళ్ళన్నీ పెద్దవేమీ కావు. రెండెకరాల రైతు ఇంట్లోనూ ఈ ఏర్పాటు ఉండేది. వాళ్ళు చోటును ఎత్తులో వెతుక్కున్నారు. అలా వెతుక్కోక తప్పని పరిస్థితిని నేలా నీరూ కలిసి తెచ్చిపెట్టాయి.

పల్నాడులో, తెలంగాణలో, రాయలసీమలో జొన్న పండే మెట్ట ఊళ్ళవాళ్ళు గింజలను పాతరల్లో దాచుకునేవారు. గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పితే చాలాకాలం నిలవుండేవి. దొంగకు కనపడవు, నిప్పు అంటుకోదు, ఇంట్లో చోటూ పట్టదు. డెల్టా రైతుకు ఆ దారి లేదు. దివిసీమలోనో కైకలూరు వైపో వానాకాలంలో కాస్త తవ్వితే నీరు ఊరుతుంది. కృష్ణ పొంగినా, బుడమేరు పొంగినా, కొల్లేరు ఎగదన్నినా నేల మీద పెట్టిన ఏ వస్తువుకూ భద్రత లేదు. అందుకే ఇక్కడ ధాన్యం నేలలోకి దిగకుండా పైకి లేచింది.

పురి దానికి చక్కని ఉదాహరణ. సంక్రాంతి రోజుల్లో కుప్పనూర్పిళ్ళు అయ్యాక కొత్త వరిగడ్డిని పేని వెంట్లు చేసేవారు. దొడ్లో ఎత్తుగా దిమ్మ వేసి, దాని మీద గడ్డి మందంగా పరిచి, ఆ వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ పోయేవారు. ఒకపక్క చుట్టు మీద చుట్టు లేస్తుంటే మరోపక్క లోపల ధాన్యం పోస్తారు. ధాన్యం బరువుకు వెంటి బిగుస్తుంది, వెంటి బిగువుకు ధాన్యం నిలుస్తుంది. మనిషి ఎత్తు దాటాక పైన గడ్డి కప్పు వేసి పేడమట్టి మెత్తేవారు. ఈ కొట్టుకు కొనవలసిన సరుకంటూ ఏదీ లేదు, పొలంలో పండిన గింజకు అదే పొలంలోని గడ్డి గోడ అయింది. దీనికున్న మరో గుణం ఇంకా గొప్పది. ధాన్యం తీసి వాడుకున్నాక పురి విప్పేస్తారు, గడ్డి పశువులకు పోతుంది, దొడ్లో ఆ చోటు మళ్ళీ ఖాళీ అవుతుంది. ఈనాటి ప్లాస్టిక్ డ్రమ్ముకు ఆ గుణం లేదు. ఖాళీ డ్రమ్ము కూడా నిండు డ్రమ్మంత చోటే తింటుంది.

గాదె కలిగినవాళ్ళ ఇంటిది. చెక్క పలకలతోనో ఇటుక గోడలతోనో గదిలో గదిలా కట్టేవారు. దాని అడుగు నేలకు తగలనిచ్చేవారు కాదు. కింద రాతి దిమ్మలో కొయ్య దుంగలో వేసి ఎడం వదిలేవారు. ఆ ఎడంలో గాలి ఆడితే తేమ ఎక్కదు, ఎలుక చేరితే కనపడుతుంది, పిల్లి దూరే వీలూ ఉంటుంది. లోపల ధాన్యంలో వేపాకు, వావిలాకు కలిపేవారు. ఇంత చేసినా పందికొక్కు బెడద పూర్తిగా పోలేదు. ఇంటి సొమ్మును లోలోపల తినేసేవాణ్ణి గాదె కింద పందికొక్కు అని తిట్టడం ఆ అనుభవంలోంచి పుట్టిందే. ఊళ్ళో ఒక రైతు స్థితి చెప్పాలంటే ఎన్ని ఎకరాలు అన్నాక, గాదె ఎన్ని పుట్లు పడుతుందన్న మాట వచ్చేది. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఆ లెక్కలు ఇంట్లో ఆడవాళ్ళకు వేళ్ళ మీద ఉండేవి, ఎందుకంటే కాపురం ఏడాది పొడుగునా నడిచేది ఆ లెక్క మీదే.

గాదె లేని ఇళ్ళ తెలివి మరింత ముచ్చటైనది. అక్కడ గోడకు పేర్చిన కుండల దొంతులే సామాన్ల గది. అడుగున పెద్ద కాగు, దాని మీద అంతకన్నా చిన్న కుండ, ఆ పైన ఇంకా చిన్నది, అన్నిటి పైన మూకుడు. ఒక కుండ చోటులో అయిదారు కుండలు. బరువైనవీ అరుదుగా తీసేవీ అడుగున ఉంటాయి, రోజూ చెయ్యి పెట్టేవి పైన ఉంటాయి. పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద. దీపం గోడలో గూట్లో. కండువా, సంచి చిలకకొయ్యకు. బట్టలు దండెం మీద. కొడవలి, తాటాకు గొడుగు, చేపల గాలం చూరులో దోపినవే. నాగలి, కాడి, గొర్రు పాకలో దూలాలకు వేలాడేవి. ఇంటి నేల మీద మాత్రం మనుషులు, రోలు, పొయ్యి, తిరగలి తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. అదే నేల మీద పగలు వంట, మధ్యాహ్నం భోజనం, రాత్రి చాప పరిస్తే పడక. నేలను ఖాళీగా ఉంచుకోవడం వాళ్ళకు అలంకారం కోసం కాదు, ఆ ఖాళీ లేకపోతే ఇల్లు నడవదు.

ఇక అటక. గూనపెంకు ఇల్లయినా తాటాకు ఇల్లయినా కప్పు వాలుగా ఉండాలి, లేకపోతే డెల్టా వానకు ఆగదు. వాలుగా ఉన్న కప్పు కింద, దూలాల పైన, ముక్కోణపు చోటు ఒకటి తప్పనిసరిగా మిగులుతుంది. ఆ చోటుకు అడుగు భాగంలో పలకలు పరిచినా, వెదురు పరిచి మట్టి మెత్తినా అది అటక అయింది. మట్టి మెత్తడంలో మరో లాభం ఉంది. వేసవిలో ఊరికి నిప్పంటుకుని పైన తాటాకు కాలిపోయినా మట్టి అటక కింద ఉన్న ఇల్లు కొంతసేపు కాచుకుంటుంది, సామాను బయటికి చేరేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఎండకు అటక మీద వేడి ఎక్కువ, కాబట్టి తడి తగలకూడనివన్నీ అక్కడికే చేరేవి. చింతపండు, ఎండుమిరప, పొగాకు, విత్తనాల మూటలు, వట్టిపోయిన జాడీలు, పెద్ద వంటపాత్రలు, తాటాకు పుస్తకాల కట్టలు. ఆంధ్రదేశంలో పాత తాళపత్ర గ్రంథాలు ఎన్నో అటకల మీదే దొరికాయన్నది గ్రంథాల వేట సాగించిన పండితులందరికీ తెలిసిన సంగతి.

ఇంట్లో ఏ వస్తువు ఏ ఎత్తులో ఉండాలో తేమ, ఎలుక, నిప్పు, వరద ఈ నాలుగూ కలిసి నిర్ణయించాయి. ఇల్లు కట్టే వడ్రంగి, మేస్త్రి ఆ నిర్ణయాన్ని గోడల్లోనే, దూలాల్లోనే కట్టేశారు. ఇప్పటి ఇళ్ళలో ముందు గది కడతారు, తరవాత సామాను వస్తుంది, ఆ తరవాత సామాన్లకు చోటు వెతుకుతారు. అప్పుడు సామాన్ల చోటు ఇంటి ప్లానులో భాగం.

ఎత్తుతో పాటు వాళ్ళకు కాలం కూడా తోడ్పడింది. మాఘం, ఫాల్గుణం నుంచే ఏడాది సామాను కొనడం మొదలు. కొత్త చింతపండు గింజ తీసి ఎండబెట్టాలి, మిరపకాయలు తొడిమ తియ్యాలి, కందులు విసిరి పప్పు చెయ్యాలి, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టాలి. కొత్తది వచ్చేసరికి పాతది అయిపోవాలి, జాడీ కడిగి ఎండబెట్టాలి. అంటే ప్రతి పాత్రా ఏడాదికి ఒకసారైనా ఖాళీ అయి తీరుతుంది. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వెయ్యడానికి అటక మీద సామానంతా దింపేవారు. పనికిరాని చెక్క, విరిగిన మంచం కోళ్ళు, పుచ్చిన పలకలు భోగి మంటకు పోయేవి. ఇల్లు ఖాళీ చేసుకోవడానికి పంచాంగంలోనే ఒక రోజు ఉండేది. సామాన్లు కట్టెవీ గడ్డివీ మట్టివీ అయినంతకాలం ఆ రోజు చక్కగా పనిచేసింది. ప్లాస్టిక్కు, రెక్సిన్, థర్మోకోల్ వచ్చాక భోగికి ఇంట్లోంచి పోయేది తగ్గింది. అవి కాల్చకూడనివి కూడా.

గింజను ఇంత జాగ్రత్తగా దాచుకునే అలవాటు వెనక ఒక భయం ఉంది. 1832-33 నందన నామ సంవత్సరంలో వానలు లేక వచ్చిన కరువులో గుంటూరు జిల్లా జనాభాలో సుమారు మూడోవంతు చచ్చిపోయారు. డొక్కల కరువని, నందన కరువని జనం చాలాకాలం చెప్పుకున్న కరువు అది. పాతరలు, గాదెలు ఖాళీ అయిపోయి ఊళ్ళకు ఊళ్ళు కదిలి మద్రాసు దారి పట్టాయి. కంపెనీ ప్రభుత్వం కళ్ళు తెరవడానికి ఆ కరువే ముఖ్య కారణం. ఆర్థర్ కాటన్ సలహాతో, ఇంజనీరు చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టడం 1855లో పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, కుడిగట్టున కొమ్మమూరు కాలువ పారాయి. మెట్ట పైర్లు వేసిన చోట మాగాణి వచ్చింది. 1883లో అచ్చయిన గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ ఆ మార్పు జరిగిన తొలి తరం రోజుల పుస్తకం.

కాలువల వల్ల పంట పెరగడం ఒక ఎత్తు, ఆ పంట పడవ ఎక్కడం ఒక ఎత్తు. కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువతో కలిశాక డెల్టా బియ్యం పడవల మీదే మద్రాసు చేరింది. 1888లో బెజవాడలో రైల్వే స్టేషన్ కట్టారు, ఆ ఏడే మునిసిపాలిటీ ఏర్పడింది. తరవాత కొద్ది ఏళ్ళకు కృష్ణ మీద రైలు వంతెన లేచింది. డబ్బు చేతిలో ఆడింది. ఆ డబ్బుతోనే డెల్టా ఊళ్ళలో మండువా లోగిళ్ళు లేచాయి. సముద్రం దాటి వచ్చిన బర్మా టేకుతో దూలాలు, స్తంభాలు, గాదె పలకలు చేయించారు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక తయారైన బిళ్ళపెంకు క్రమంగా గూనపెంకు స్థానంలోకి వచ్చింది. కప్పు ఎత్తు పెరిగింది, దానితో అటకా పెరిగింది. కొన్ని ఇళ్ళలో అటక నిండా మనిషి నిలబడి తిరిగేంత చోటు. మండువా చుట్టూ వసారాలు, వెనక కొట్టు గది, ఆ వెనక వంటిల్లు, దొడ్లో పశువుల పాక, బండ్ల పాక.

ఆ బండ్ల పాకను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈనాటి కారు షెడ్డుకు పూర్వరూపం అదే. రెండెడ్ల బండి, కలిగినవాళ్ళకు గూడు వేసిన సవారీ బండి అందులో నిలిచేవి. బండి కింద చక్రాల మధ్య కందెన కుండ. పక్క గోడకు పగ్గాలు, పలుపులు, ముచ్చెలు, గంటల పట్టెడలు వేలాడేవి. పైన దూలాల మీద విడి ఇరుసు, ఆకులు, నిచ్చెన, వలలు. బండి బయటికి వెళ్ళినప్పుడు ఆ నేల మీదే ధాన్యం తూరుపారబట్టడం, తాళ్ళు పేనడం జరిగేవి. బండి తిరిగి వచ్చేసరికి నేల ఖాళీ చేసి తీరాలి, ఎందుకంటే ఎద్దులను విప్పకుండా వాకిట్లో నిలబెట్టడం కుదరదు. ఇప్పటి కారుకు ఆ హక్కు లేదు. వీధిలో ఎన్నాళ్ళుంచినా అది అరవదు.

డెల్టా ఇల్లు ఎంత తెలివిగా కట్టినా సముద్రం ముందు నిలవని రోజులున్నాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. కోతకు వచ్చిన సార్వా పైరు ఉప్పునీటి పాలైంది. అలాంటి అలకు గాదె, అటక రెండూ ఒకటే. ఆ తరవాత తీరంలో తుపాను షెల్టర్లు, పక్కా ఇళ్ళు వచ్చాయి. మట్టిగోడ, తాటాకు కప్పు పోవలసిందే, అందులో రెండో మాట లేదు. పాత ఇంటి మీద ప్రేమతో ఈ సంగతి దాచిపెడితే అది చనిపోయినవాళ్ళకు అన్యాయం.

అయితే గాదె ఖాళీ అయింది ఉప్పెన వల్ల కాదు, పంట పెరగడం వల్ల. 1952లో, మళ్ళీ ఒక నందన నామ సంవత్సరంలోనే, పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో ప్రకాశం బరాజ్ 1957లో తయారైంది. 1960ల చివర ఐఆర్-8 వరి వచ్చింది. పక్కనున్న పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పెద్ద ఎత్తున పండించి చూపించారు. 1980ల్లో స్వర్ణ, సాంబమసూరి పొలాలన్నీ నింపాయి. రెండు పంటలు, ఎకరానికి దిగుబడి రెట్టింపు. అంత ధాన్యం ఏ గాదెలోనూ పట్టదు. పట్టవలసిన అవసరమూ లేదు. 1965లో ఏర్పడిన ఆహార సంస్థ, గిడ్డంగుల సంస్థ, ఊరూరా మిల్లులు దాన్ని కల్లంలోంచే తీసుకుపోయాయి. డెబ్భై అయిదు కిలోల బస్తా గోనెసంచిలో కల్లం నుంచి లారీకి, లారీ నుంచి మిల్లుకి. ధాన్యం ఇంటి గడప తొక్కడం తగ్గిపోయింది. పాత బియ్యం రుచి మరిగిన డెల్టా జనం ఇప్పటికీ కొత్త బియ్యం అంటే ముఖం చిట్లిస్తారు, కానీ ఆ పాతబెట్టే పని మిల్లు గోడౌనుకు అప్పజెప్పేశారు. ఇంటికి వచ్చేది ఇరవై అయిదు కిలోల సంచి.

ఇంటి నుంచి ధాన్యం పోయింది. లెక్క ప్రకారం ఇల్లు విశాలం కావాలి. కాలేదు.

కారణం పైకప్పులో ఉంది. సిమెంటు స్లాబు వచ్చాక వాలుకప్పు పోయింది, ముక్కోణపు చోటూ దానితోపాటే పోయింది. డాబా మీద పడుకోవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు, కానీ పెట్టిన వస్తువుకు నీడ లేదు. అటకకు బదులు గదిలో తలుపు ఎత్తున, అంటే ఏడడుగుల మీద, గోడలోంచి రెండడుగుల సజ్జ పోశారు. మనిషి లోపలికి వెళ్ళి సర్దగలిగిన అటక ఎక్కడ, స్టూలెక్కి చేతికందినంత తోసే సజ్జ ఎక్కడ! సజ్జ లోపలి మూలకు ఒకసారి వెళ్ళిన వస్తువు ఇల్లు మారినప్పుడే బయటపడుతుంది. గోడలు కూడా పలచబడ్డాయి. మూరెడు మందం మట్టిగోడలో గూడు తొలవవచ్చు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలో కష్టం, నాలుగున్నర అంగుళాల గోడలో అసలే కుదరదు. గోడలో కలిసిపోయిన చోటు పోయి, నేల మీద నిలబడే బీరువా వచ్చింది. గోద్రెజ్ కంపెనీ 1923లో ఉక్కు బీరువాలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. కొన్ని దశాబ్దాలకు అది ఆడపిల్ల సారెలో తప్పనిసరి వస్తువైంది. తరవాత డబుల్ కాట్, సోఫా, డైనింగ్ టేబులు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. నేల నిండింది, గోడ పై సగం ఖాళీగా ఉండిపోయింది. పాత ఇంటికి సరిగ్గా తలకిందులు.

కారు షెడ్డు ఈ మార్పు మధ్యలో వచ్చింది. బెజవాడలో కారున్న ఇళ్ళు చాలాకాలం లెక్కపెట్టదగినన్ని. డాక్టర్లు, ప్లీడర్లు, మిల్లు యజమానులు, సినిమా పంపిణీదార్లు ఇంటి పక్కన రేకులతోనో పెంకుతోనో షెడ్డు వేసుకునేవారు. నగరానికి లారీల ఊరన్న పేరు తెచ్చిన రవాణా వ్యాపారం, 1960ల్లో రూపుకట్టిన జవహర్ ఆటోనగర్, వీటివల్ల బండ్లు, బండ్ల విడిభాగాలు ఇక్కడి జీవితంలో కలిసిపోయాయి. ఆటోనగర్ షెడ్డులో పనిముట్లు గోడకు, బరువులు గొలుసు మీద, టైర్లు కొయ్యలకు ఎక్కించి నేలను లారీకి వదిలే పద్ధతి చూస్తే పాత బండ్ల పాకే గుర్తుకొస్తుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇంటికి కారు అందింది. దాని పొడవు సుమారు 3.3 మీటర్లు. దానికోసం కట్టిన షెడ్డులోకి 4.6 మీటర్ల ఎస్‌యూవీ దూరదు. పటమటలో కార్లు వీధిలో నిలవడానికి ఇదీ ఒక కారణమే. తప్పంతా సామానుది కాదు.

అపార్టుమెంట్లు వచ్చాక గరాజ్ అన్నది చట్టం దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం 1987 నాటిది. స్థలం కొరత వల్ల కింది అంతస్తును స్తంభాల మీద వదిలి పార్కింగుకు ఇచ్చారు. ఆ స్టిల్టు ఎవరిది? ముంబయికి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. స్టిల్టు పార్కింగు గరాజ్ కిందికి రాదని, అది అందరి ఉమ్మడి చోటని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోలేడని తేల్చింది. 2016 రెరా చట్టం గరాజ్ అంటే పైకప్పు, మూడు వైపుల గోడలు ఉన్న చోటని నిర్వచించింది. పార్కింగుకు చూపిన చోటును మరో పనికి వాడకూడదని భవన నిర్మాణ నిబంధనలూ చెబుతున్నాయి. కాబట్టి స్తంభం పక్కన పేర్చిన అట్టపెట్టెలు పక్కింటివాళ్ళ చోటులో కూడా ఉన్నట్టే. ఆ స్టిల్టులోనే మెట్ల కింద ఒక గదిలో వాచ్‌మన్ కుటుంబం కాపురముంటుంది. అందరి మిగులు సామానుకూ వాళ్ళ వంటపొయ్యికీ మధ్య జానెడు ఎడం ఉండటం లేదు. సామాను సర్దుకోవడం గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఆ కుటుంబం సంగతి చూడాలి.

డెల్టా పిల్లలు సముద్రం దాటాక ఈ కథ అక్కడా సాగింది. టెక్సాస్ ఫ్రిస్కోలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళ గరాజ్‌లు రెండేసి కార్లు పట్టేవి. అందులో రెండో ఫ్రిజ్, సోనామసూరి బియ్యం సంచులు, వెట్ గ్రైండరు, పండగ సామాన్ల పెట్టెలు చేరతాయి. మంచు కురిసినా కారు బయటే. ఇది తెలుగువాళ్ళ బలహీనత మాత్రమే కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించి 2012లో ఒక పుస్తకం తెచ్చారు. నాలుగింట మూడువంతుల కుటుంబాల గరాజ్‌లలో సామాను నిండిపోయి కారుకు చోటు లేదని అందులో తేలింది. ఇటు బెజవాడలో వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో సజ్జల నిండా ఇరవై మూడు కిలోల బరువుకు కొలిచి కొన్న ఖాళీ సూట్‌కేసులు, ఇంజనీరింగు పుస్తకాలు. ఒకే కుటుంబం రెండు ఖండాల్లో రెండు గరాజ్‌లు నింపుతోంది.

చోటు వెతుక్కునేవాళ్ళు ఈమధ్య మళ్ళీ గోడ వైపు చూస్తున్నారు. కన్నాలు పడ్డ ఇనుప యాంగిల్‌తో బిగించే రాకును లండన్‌లో డిమిట్రియస్ కొమినో అనే ఇంజనీరు డెక్సియన్ పేరుతో 1947లో మార్కెట్లోకి తెచ్చాడు. ఇప్పుడు మందుల షాపు నుంచి ఇంటి షెడ్డు దాకా అదే. షెడ్డు గోడకు రాకు బిగించి, కారు బానెట్టు పైన పడే ఖాళీలో పలక వేసి, సైకిలును కొక్కేనికి ఎత్తి పెడితే కారు లోపలికి వస్తుంది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. దొంతి, చిలకకొయ్య, అటక మళ్ళీ ఇనుముతో చేసినవే. ఒక తేడా ఉంది. పాత ఏర్పాటులో ఏడాదికోసారి ఖాళీ చెయ్యడం భాగం, రాకు కొన్నవాడికి ఆ రోజు ఎవరూ పెట్టి ఇవ్వరు. ఆ రోజు లేకపోతే ఎన్ని రాకులు వేసినా రెండేళ్ళకు మళ్ళీ కారు వీధిలోకే వస్తుంది.

నేల మీద ఏం పెట్టకూడదో డెల్టా మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. మర్నాడు ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, బరాజ్ కట్టాక ఎన్నడూ రానంత. కింది అంతస్తుల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. స్కూటర్లు, ఆటోలు, కార్లు, వాటి పక్కన పేర్చిన పరుపులు, పుస్తకాలు, సర్టిఫికెట్ల పెట్టెలు అన్నీ బురదలో తేలాయి. నీరు తీశాక వీధుల్లో కుప్పలు పోసిన సామానులో ఎక్కువ భాగం ఎత్తున పెట్టి ఉంటే మిగిలేది. పాత ఇంటి గాదె అడుగును నేల నుంచి లేపిన మేస్త్రికి ఈ సంగతి తెలుసు. ఈ నగరంలో స్టిల్టు ప్లాను గీసే ఇంజనీరు ఫ్లాటుకొక చిన్న ఎత్తు కొట్టు, మొదటి అంతస్తు మట్టంలోనో మెట్ల మలుపులోనో, గీసి తీరాలి. పార్కింగు చోటును తరవాత దొంగచాటుగా ఆక్రమించుకోవడం కన్నా అది ఎంతో మేలు.

డెల్టా ఊళ్ళలో మండువా ఇళ్ళు ఒకటొకటిగా విప్పేస్తున్నారు. టేకు దూలాలు, తలుపులు, స్తంభాలు కలప అడితులకు పోతున్నాయి. గాదె పలకలను పలకలుగానే కొంటారు, విప్పాక అది గాదె అని చెప్పే ఆనవాలు ఏదీ మిగలదు. ఊళ్ళో అలాంటి ఇల్లు ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. కూల్చే ముందు గాదె అడుగు నేలకు ఎంత ఎత్తున ఉందో, అటక దూలాల మధ్య ఎడం ఎంతో, గూళ్ళు ఏ గోడకు ఎన్ని ఉన్నాయో కొలిచి రాసి పెట్టండి, నాలుగు వైపులా ఫొటోలు తియ్యండి. ఆ ఇంట్లో ఏడాది సామాను సర్దిన అమ్మమ్మో నాయనమ్మో ఇంకా ఉంటే, ఏ కుండలో ఏది పోసేదో ఆవిడ నోటనే చెప్పించి రికార్డు చెయ్యండి.